బొగ్గులకు పద్దు లేదు

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని సంపాదకవర్గం చెల్లెళ్లు ఫోన్ చేశారు. "అమెరికా విశేషాలు రాయండక్కా" అన్నారు. మేడలూ మంచూ మీరు సినిమాల్లో చూసినవే. నేను రాసేది అక్కడి ఒక కిరాణా దుకాణంలో, బిల్లు కౌంటర్ దగ్గర చూసిన సంగతి. మన పూర్వ విద్యార్థినుల మధ్య ఇప్పుడు నడుస్తున్న ఒక వాదనలో నా మాట చెప్పడానికే ఇదంతా. అక్కడికీ వస్తాను.

ముందు మన హాస్టల్ నుంచే మొదలుపెడతాను. నేను తొమ్మిదో తరగతిలో ఉండగా, కార్తీకమాసంలో వనభోజనాలకు వెళ్లాలని పట్టుబట్టాం. వార్డెన్ మేడమ్ ఒప్పుకున్నారు. ఆ పూట మా వంతు బియ్యం, కందిపప్పు, వంకాయలు, గుడ్లు, నూనె స్టోరు రూములోంచి తూచి ఇప్పించారు. కట్టెలు అడిగితే మాత్రం తల అడ్డంగా ఊపారు. "హాస్టల్ పొయ్యికయితే రాస్తాను. చెరువుగట్టు మీద పొయ్యికి ఏ పద్దు కింద రాయనే?" అన్నారు. ఆవిడ తప్పేం లేదు, రిజిస్టర్ అలా ఉంది. మేమే గట్టు వెంట ఎండిన తుమ్మకొమ్మలు ఏరుకున్నాం. అరికాళ్లకు ముళ్లు గుచ్చుకున్నాయి. కమాటి అవ్వ మూడు రాళ్లు పెట్టి పొయ్యి రాజేసింది.

ఇరవై ఏళ్ల తర్వాత, 2019లో, ఒహాయో రాష్ట్రంలో ఒక దుకాణంలో క్యాషియర్‌గా పనిచేస్తున్నాను. జూలై 4 అక్కడి స్వాతంత్ర్య దినం. ఇంటి వెనకో, పార్కులోనో బొగ్గులు రాజేసి, ఇనుప చువ్వల మీద మాంసం కాల్చుకుని చుట్టాలతో కలిసి తినడం ఆనవాయితీ. దాన్ని కుకౌట్ అంటారు. మన వనభోజనమే అనుకోండి, ఉసిరిచెట్టు ఉండదు, మాంసం ఉంటుంది. ముందురోజు సాయంత్రం ఒకావిడ ఇద్దరు పిల్లలతో నా కౌంటర్‌కు వచ్చింది. హాట్‌డాగ్‌లు, బన్నులు, మొక్కజొన్న పొత్తులు, పుచ్చకాయ, కూల్‌డ్రింకులు. వాటి వెనక బొగ్గుల సంచి, అల్యూమినియం రేకు, కాగితం పళ్లేలు. కార్డు గీసి, నంబరు నొక్కింది. తినేవాటి డబ్బు కార్డులోంచి పోయింది. మిగిలిన మూడింటికీ ఇరవై డాలర్ల చిల్లర చూపించింది మిషన్. ఆవిడ పర్సు తెరిచి లెక్కపెట్టుకుంది. ముందు పళ్లేలు పక్కన పెట్టమంది. తర్వాత రేకు. చివరికి బొగ్గులు కూడా. చిన్నవాడు "మరి ఎలా కాలుస్తాం?" అని అడిగాడు. ఆవిడ జవాబు చెప్పలేదు. నేనూ చెప్పలేదు. వెనక వరుస పెరుగుతోంది, బొగ్గుల సంచి కౌంటర్ కిందికి తోసి తర్వాతివాళ్ల సరుకు అందుకున్నాను.

ఆ కార్డు పేరు స్నాప్. అమెరికా ప్రభుత్వం తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకు తిండి కోసం ఇచ్చే సాయం. 1964లో ఫుడ్ స్టాంప్ చట్టం చేశారు, 2008లో పేరు స్నాప్‌గా మార్చారు. నాలుగు కోట్ల మంది దాకా దాని మీద ఆధారపడతారు. మనిషికి రోజుకు సగటున సుమారు 6 డాలర్లు వస్తుంది. ఒకప్పుడు కాగితం కూపన్లు చింపి ఇచ్చేవాళ్లు, అందరికీ తెలిసిపోయేది. ఇప్పుడు ఏటీఎం కార్డు లాంటిదే కాబట్టి పక్కవాళ్లకు చప్పున తెలియదు. ఆ ఒక్క విషయంలో మెచ్చుకోవాలి. మన అల్యూమినియం పళ్లేలు చూసి ఊళ్లో "హాస్టలోళ్లు" అనేవారు, గుర్తుందా?

కార్డుతో పచ్చిమాంసం, చేపలు, కూరగాయలు, పాలు, రొట్టెలు, చిప్స్ కొనుక్కోవచ్చు. పెరట్లో నాటుకోవడానికి కూరగాయల విత్తనాలు, మొక్కలు కూడా కొనుక్కోవచ్చు. ఇది నాకు బాగా నచ్చిన నిబంధన. సారా, సిగరెట్లు, మందులు కొనకూడదు. సబ్బు, టూత్‌పేస్టు, శానిటరీ న్యాప్‌కిన్లు కూడదు. బొగ్గులు, వాటిని అంటించే నూనె, పళ్లేలు సరేసరి. అన్నిటికన్నా విచిత్రం కోడి సంగతి. దుకాణంలోనే కాల్చిన కోడి వేడిగా ఉంటే కార్డు చెల్లదు. అదే కోడి అమ్ముడుపోక చల్లారి ఫ్రిజ్‌లోకి చేరితే చెల్లుతుంది! ముసలివాళ్లకు, వికలాంగులకు, ఇల్లు లేనివాళ్లకు కొన్ని రాష్ట్రాల్లో హోటల్ భోజనానికి మినహాయింపు ఉంది. మిగతావాళ్లు వేడిగా తినాలంటే ఇంట్లో వండుకోవాలి. వండుకోవడానికి నిప్పు మాత్రం వాళ్లదే.

ఇక్కడ మన రేషన్ షాపు గుర్తొస్తుంది. అప్పట్లో తెల్లకార్డుకు బియ్యంతోపాటు కిరసనాయిలు కూడా పోసేవారు. కల్తీ ఉండేది, కొలత తగ్గేది, క్యూలో తోసుకునేవాళ్లం, అన్నీ నిజమే. అయినా ఆ పద్ధతి పెట్టినవాళ్లకు బియ్యం వాటంతట అవే ఉడకవని తెలుసు. మన హాస్టల్లో మెస్ చార్జీలు వేరు, సబ్బూ కొబ్బరినూనెలకు కాస్మొటిక్ చార్జీలు వేరు. ఆ డబ్బు ఏమూలకూ చాలేది కాదు, ఆలస్యంగా వచ్చేది. కానీ ఆడపిల్లకు తిండితోపాటు సబ్బు కూడా కావాలని కాగితం మీదయినా ఒప్పుకున్నారు.

దీనికి ఎదురువాదన నాకు తెలుసు, అందులో సగం నిజముంది. తిండి డబ్బు తిండికే కట్టేయకపోతే ఇంటి అద్దెకో, తాగుడికో పోయి చివరికి పిల్లల కంచమే ఖాళీ అవుతుందంటారు. మా నాన్న కిరసనాయిలు బయట అమ్మేసి వచ్చిన రోజులు నేను చూశాను. అందుకే సారాకు ఇవ్వొద్దంటే నేను కాదనను. కానీ బొగ్గులు సారా కాదు. పండగపూట పిల్లలతో ఆరుబయట కూర్చుని తినాలనుకోవడం దుబారా కాదు. చెరువుగట్టూ తుమ్మకొమ్మలూ ఉన్నచోట మాకు పద్దు లేకపోయినా గడిచింది. ఊరి మధ్య అపార్ట్‌మెంట్‌లో ఉండే ఆవిడ కొమ్మలు ఎక్కడ ఏరుకుంటుంది?

ఇప్పుడు అక్కడి కట్టుబాట్లు ఇంకా బిగుస్తున్నాయి. పని చేయగలిగినవాళ్లు నెలకు 80 గంటల పనో, శిక్షణో చూపించాలన్న షరతును 64 ఏళ్లవాళ్ల దాకా పెంచుతూ 2025లో చట్టం వచ్చింది. అధ్యక్షుడు ట్రంప్ దాని మీద సంతకం పెట్టిన రోజు జూలై 4. ఊరంతా కుకౌట్ పొగ లేచే రోజే. 2026 జనవరి 1 నుంచి ఇండియానా, నెబ్రాస్కా, యూటా లాంటి కొన్ని రాష్ట్రాల్లో ఈ కార్డుతో కూల్‌డ్రింకులు కొనడం కూడా ఆపేశారు. ఆరోగ్యం కోసమేనంటున్నారు. కూల్‌డ్రింకు మంచిదని నేనూ అనను. మా ఇంట్లో పిల్లలకు నేనే వద్దంటాను. కానీ అది తల్లిగా నేను చెప్పే మాట. నా జీతం ఇచ్చేవాడు చెప్పడు, పన్ను కట్టేవాడు చెప్పడు. పేదతల్లికయితే అందరూ చెప్పేవాళ్లే.

మనమూ అలాగే చెబుతున్నామని నా బాధ. హాస్టల్ డే విందుకు పూర్వ విద్యార్థినులం చందాలు పంపుతున్నాం కదా. ఈసారి మన వాట్సాప్ గ్రూపులో ఒక అక్క "డబ్బు పండ్లకు, నోటు పుస్తకాలకే వాడాలి. బిర్యానీలు, కూల్‌డ్రింకులకు కాదు, బిల్లులు పంపాలి" అని పెట్టారు. చాలామంది చప్పట్లు కొట్టారు. ఆ అక్క మీద నాకు గౌరవం ఉంది, హాస్టల్లో నాకు లెక్కలు చెప్పింది ఆవిడే. ఆవిడే ఒకనాడు నాతోపాటు ముళ్లకొమ్మలు మోసింది కూడా. అక్కా, ఆ రోజు మనకు ఎవరైనా వంద రూపాయలిచ్చి "పండ్లే కొనుక్కోండి" అంటే మనం ఏమనుకునేవాళ్లం?

మా బ్యాచ్ ఎనిమిది మందిమి మాట్లాడుకున్నాం. మా వంతు డబ్బు వార్షికోత్సవానికి వారం ముందే పంపుతున్నాం. బిల్లులు అక్కర్లేదు. ఏం వండాలో మెస్ కమిటీ అమ్మాయిలు కూర్చుని రాసుకోండి. గ్యాసుకో కట్టెలకో, విస్తరాకులకో అందులోంచే తీయండి. కూల్‌డ్రింకులు కొంటే మాకు చెప్పనక్కర్లేదు. ఒక్క మాట, ఆరుబయట వండేటట్టయితే ఉప్పు ముందే మూటలో పెట్టుకోండి. చెరువుగట్టు మీద మేం అదే మర్చిపోయాం. కమాటి అవ్వ మళ్లీ హాస్టల్ దాకా నడిచి వెళ్లి తెచ్చింది.