యంత్రమా? గురువా?

స్వర్ణముఖీతీరమందలి వాకాడు మండలము 2022వ సంవత్సరమున నెల్లూరు జిల్లానుండి విడివడి తిరుపతి జిల్లాలో చేరినది. జిల్లా పేరు మారినను అచ్చటి బడులముందున్న ప్రశ్న మారలేదు. రాష్ట్రమందలి ప్రతి ప్రభుత్వపాఠశాలకును అదియే ప్రశ్న. బాలుని చేతికి యంత్రము నిచ్చితిమి; దానిని విద్యగా మార్చు నేర్పును గురువున కిచ్చితిమా?

2022 డిసెంబరు 21వ తేదీన ప్రభుత్వము ఎనిమిదవ తరగతి విద్యార్థులకును వారి యుపాధ్యాయులకును రమారమి 5 లక్షల 18 వేల టాబులను పంచనారంభించెను. మరుసటి యేట అనేక పాఠశాలల తరగతిగదులలో స్పర్శతో పనిచేయు పెద్ద తెరలు వెలసినవి. ఆ టాబులకు పాఠములను సమకూర్చిన బైజూస్ సంస్థ 2024 జూలైలో దివాలా విచారణకు లోనయ్యెను. తీరవాసుల కిట్టి యనుభవము కొత్తది కాదు. ఈ మండలములోని దుగరాజపట్టణమున ఆంగ్లవర్తకులు 1626 ప్రాంతమున స్థావర మేర్పరచుకొనిరి. 1639లో చెన్నపట్టణమున మంచి చోటు దొరకగనే దీనిని విడిచిపోయిరి. వర్తకుడు లాభమున్నంతకాలమే యుండును. గురువు నేర్పు ఊరిలో నిలుచును.

యంత్ర మక్కరలేదని మేము చెప్పుట లేదు. హృదయమునుండి రక్తము ప్రవహించు తీరును నల్లబల్లపై గీచుటకంటె తెరపై కదలించి చూపుట మేలు. తుపాను పుట్టుకను తీరమందలి బాలుడు కన్నులార చూచి తెలిసికొనుట మేలు. కాని పాఠమును ఎచ్చట నాపవలెనో, ఏ పిల్లవాడు అర్థముకాకయే తల యూపుచున్నాడో తెర యెరుగదు. పెరూ దేశపు గ్రామీణపాఠశాలలలో విద్యార్థులకు విరివిగా కంప్యూటరుల నిచ్చి చూడగా, గణితమందుగాని భాషయందుగాని వారి ఫలితములు మెరుగుపడలేదని 2012లో వెలువడిన పరిశీలన తేల్చినది. నాగలి కొన్నంతమాత్రమున చేను పండునా? దున్నువానికి అదనెరిగిన నేర్పు కావలదా?

ఈ నేర్పునకై 2020 జాతీయ విద్యావిధానము ప్రతి యుపాధ్యాయుడు ఏటేట 50 గంటల వృత్తిశిక్షణ పొందవలెనని చెప్పినది. 2017లో దీక్షా వేదికయు, 2019లో నిష్ఠా శిక్షణయు నేర్పడినవి. సంకల్పము మంచిదే. అయినను వీడియోను చూచి ధ్రువపత్రమును పొందుట శిక్షణ కానేరదు. మరియొక వంక ఉపాధ్యాయునిపై గుమాస్తాపని పెరిగినది. హాజరు, భోజనపు లెక్కలు, మరుగుదొడ్ల ఛాయాచిత్రములు—ఇన్నియు ఆయనయే యాపులలో నెక్కింపవలసివచ్చెను. 2025లో పెక్కు యాపులను లీప్ అను నొక్కదానిలో చేర్చుట మెచ్చదగినదే. కాని పది మూటలను ఒక్క మూటగా కట్టినంతమాత్రమున బరువు తగ్గదు.

కావున మేము కోరునది స్వల్పము. ఆ 50 గంటలలో అధికభాగము తన బడిలోనే, తన విద్యార్థులయెదుటనే జరుగవలెను. ఒకరు పాఠము చెప్పగా సహోపాధ్యాయులు చూచి, పిదప గుణదోషములను చర్చింపవలెను. ప్రధానోపాధ్యాయుడు లెక్కలు పంపు నుద్యోగిగా గాక, ఏ యంత్రము ఏ పాఠమునకు తగునో నిర్ణయించు నాయకుడుగా నుండవలెను. అందుకు తగిన యధికారమును తీరికయు నాయన కుండవలెను. తెర చెడినచో దూరమునుండి మనిషి వచ్చువరకు పాఠము లాగిపోరాదు. 1979లో సమీపమందలి విద్యానగరమున నెలకొల్పబడిన ఇంజనీరింగు కళాశాల యున్నది. దాని విద్యార్థులను ఈ మండలపు బడుల యంత్రసంరక్షణకు నియోగించుట అసాధ్యము కాదు.

భూస్వాములును పట్టణవాసులునగు మా పాఠకులకు నొక మనవి. మీ పిల్లలు ప్రయివేటు బడులలో చదువుచుండవచ్చును. పట్టపుపాలెములలోని పిల్లలకును, పొలముపనివారి పిల్లలకును సర్కారుబడియే దిక్కు. గ్రామమున మీ మాట చెల్లును. మీరు బడికి పోయినపుడు ఎన్ని టాబులు వచ్చినవని యడుగకుడు. వానితో ఈ వారమున ఏ పాఠము చెప్పితిరని యడుగుడు. గురువునకు గల లోటులను విని, అధికారులకు తెలుపుడు.

1921లో పల్లిపాడు ఆశ్రమమును గాంధీమహాత్ముడు ప్రారంభించెను. నాడు రాట్నమునకు విలువ నిచ్చినది కొయ్య కాదు, దానిని త్రిప్పిన చేయి. నేటి తెరకును అంతియే. ఆ చేతికి బలము కూర్చుట ప్రభుత్వమునకు మాత్రమే కాదు, మనకును విధి.