ఓడ దిగాక... ఏడు గంటలు కాదు, నాలుగే!

సింగపూర్‌ నుంచి క్రూజ్‌ బుక్‌ చేసుకున్నవాళ్లని ఎవర్నైనా కదిలించి చూడండి. ఓడలో ఎన్ని అంతస్తులున్నాయో, భోజనాల్లో ఎన్ని రకాలు పెడతారో, పిల్లలకి ఎన్ని ఆటలున్నాయో గడగడా చెప్పేస్తారు. మధ్యలో ఎక్కడ ఆగుతుందని అడిగితే ‘ఏదో పెనాంగట’ అంటారు. అక్కడ దిగి ఎక్కడికెళతారంటే మాత్రం తెల్లమొహమే. టికెట్టుకి అన్ని వేలు పోసి, తీరా ఓ కొత్త దేశం గుమ్మంలో దిగాక ‘ఇప్పుడెటు?’ అని ఒకరి మొహాలొకరు చూసుకోవడం ఎందుకు చెప్పండి!

అసలు ఏ క్రూజ్‌కైనా ముందు అడగాల్సిన ప్రశ్న ‘ఏ ఊరు’ అని కాదు, ‘ఏ రేవు’ అని. బ్రోచర్‌లో కౌలాలంపూర్‌ అని రాసి ఉంటుంది. ఓడ ఆగేది మాత్రం పోర్ట్‌ క్లాంగ్‌లో. అక్కడి నుంచి జంట టవర్ల దగ్గరికి వెళ్లాలంటే నలభై కిలోమీటర్ల పైనే. బ్యాంకాక్‌ పరిస్థితి ఇంకా విడ్డూరం. పెద్ద ఓడలు లంగరేసేది లేమ్‌ చబాంగ్‌ అనే రేవులో. అక్కడి నుంచి నగరానికి వంద కిలోమీటర్లు దాటుతుంది. రానూపోనూ బస్సులోనే సగం రోజు హుష్‌కాకి! ఫుకెట్‌లో చాలా ఓడలు ఒడ్డుకే రావు. సముద్రంలో ఆగిపోతే చిన్న పడవల్లో విడతలు విడతలుగా దింపుతారు. ఆ వరసలో కాసే గంట కూడా మీ ఖాతాలోంచే పోతుంది.

ఈ లెక్కన చూస్తే పెనాంగ్‌ బంగారం. మలేషియాలోని ఈ దీవికి రాజధాని జార్జ్‌టౌన్‌. ఓడలు ఆగే స్వెటెన్‌హామ్‌ పియర్‌ సరిగ్గా పాత ఊరి గడప మీదే ఉంటుంది. టెర్మినల్‌ బయటికొచ్చి రోడ్డు దాటితే గడియార స్తంభం. విక్టోరియా రాణి అరవయ్యేళ్ల పాలనకి గుర్తుగా ఏడాదికో అడుగు చొప్పున అరవై అడుగుల ఎత్తు కట్టించారు. దాని పక్కనే కార్న్‌వాలిస్‌ కోట. 1786లో ఈస్టిండియా కంపెనీ తరఫున ఫ్రాన్సిస్‌ లైట్‌ జెండా పాతింది ఇక్కడే. అంటే ఊరి చరిత్ర మొదలైన చోటే మీ నడకా మొదలవుతుందన్నమాట.

ఇక టైము సంగతి. ఓడ మధ్యాహ్నం పన్నెండుకి వచ్చి రాత్రి ఏడుకి బయల్దేరుతుంది అనుకుందాం. ఏడు గంటలుంది కదా అని సంబరపడకండి. ఓడ తాళ్లు కట్టి, తనిఖీలయ్యి, లిఫ్టుల దగ్గర గుంపు తరిగి మీరు నేల మీద కాలు పెట్టేసరికి ఒంటిగంట. ఓడనిబట్టి బయల్దేరడానికి అరగంట నుంచి గంట ముందే అందరూ ఎక్కేయాలి. అంటే ఆరు. ట్రాఫిక్‌కో, వానకో, తప్పిపోయిన బాబాయి కోసమో ఇంకో గంట తీసేయండి. మిగిలింది నాలుగు గంటలు!

ఆ నాలుగు గంటల్లో చాలామంది చేసే పని, ట్యాక్సీ ఎక్కి పెనాంగ్‌ హిల్‌కి పరుగెత్తడం. 833 మీటర్ల కొండ, 1920ల నాటి కేబుల్‌ రైలు మార్గం, పైన చల్లగాలి... బాగుంటుంది, కాదనను. కానీ వెళ్లడానికి ట్యాక్సీలో అరగంట, జెట్టీ దగ్గరి నుంచి 204 నంబరు బస్సులో అయితే ఇంకా ఎక్కువ. అక్కడ టికెట్టుకి క్యూ, రైలుకి క్యూ, దిగడానికి మళ్లీ క్యూ. సెలవురోజైతే ఇక చెప్పక్కర్లేదు. తిరుగు దారిలో సాయంత్రం రద్దీ. కొండమీద ఫొటో దిగుతూ కింద ఓడ గురించి బెంగపెట్టుకోవడం ఏం విహారం? ఓడ పొద్దున్నే వచ్చే ప్రయాణమైతే ముందుగా కొండకి వెళ్లి రండి. మధ్యాహ్నం వస్తే మాత్రం వదిలేయండి. ఆ దారిలోనే ఉన్న కెక్‌ లోక్‌ సి బౌద్ధాలయానిదీ ఇదే లెక్క.

దిగినవాళ్లు దిగినట్టు నడవండి. గడియార స్తంభం దగ్గర్నుంచి సముద్రాన్ని ఎడమ పక్కన ఉంచుకుని వెల్డ్‌ కీ రోడ్డు మీద వెళితే పావుగంట, ఇరవై నిమిషాల్లో చ్యూ జెట్టీ వస్తుంది. నీళ్లలో గుంజలు పాతి, వాటి మీద చెక్కలు పరిచి కట్టుకున్న ఇళ్ల వాడ ఇది. అందరిదీ ‘చ్యూ’ అనే ఒకే ఇంటిపేరు. మన ఊళ్లలో ఒకే ఇంటిపేరువాళ్ల వీధి ఉన్నట్టే! కాకపోతే ఇక్కడ వీధంతా సముద్రం మీద ఉంటుంది. జనం నిజంగా కాపురాలుంటున్న ఇళ్లవి. తలుపు తీసుంది కదా అని కెమెరా పట్టుకుని తొంగిచూడకండి.

అక్కడి నుంచి లోపలికి మళ్లితే ఆర్మీనియన్‌ స్ట్రీట్‌. లిథువేనియా చిత్రకారుడు ఎర్నెస్ట్‌ జకారెవిచ్‌ 2012లో ఓ గోడకి పాత సైకిలు ఆనించి, దాని మీద ఇద్దరు పిల్లల బొమ్మ గీశాడు. ఫొటో కోసం ఇప్పటికీ వరసలో నిలబడుతున్నారు. పిల్లలు మారాం చేస్తే ఓ పది నిమిషాలివ్వండి, అంతకుమించి వద్దు. వీధులకిరువైపులా పాత ఇళ్లే అసలు అందం. మెలకాతో కలిపి ఈ పాత ఊరికి 2008లో యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు ఇచ్చింది ఆ ఇళ్లని చూసే. దుకాణాల ముందు వరండాలు ఒకదానికొకటి కలిసి ఉంటాయి. ఎండైనా వానైనా వాటి కిందే నడిచిపోవచ్చు... బైకులు అడ్డం పెట్టని చోట!

కపితాన్‌ కెలింగ్‌ మసీదు వీధిలోకి వస్తే కాసేపు నెమ్మదించండి. భారతీయ ముస్లింలు కట్టుకున్న మసీదు, చైనీయుల దయాదేవత గుడి, 1818 నాటి సెయింట్‌ జార్జ్‌ చర్చి, పక్క వీధిలో 1833 నాటి మహామారియమ్మన్‌ గుడి... అన్నీ కొద్ది నిమిషాల నడకలోనే. అమ్మవారి గుడి మధ్యాహ్నం మూసి సాయంత్రం తెరుస్తారు కాబట్టి దాన్ని చివర్లో పెట్టుకోండి. చుట్టూ ఉన్నది లిటిల్‌ ఇండియా. మల్లెపూల మాలలు, తమిళ పాటల హోరు, అరిటాకు భోజనాలు. ఓడ భోజనంతో నాలుక చప్పబడ్డ పెద్దవాళ్లకి రసం తగిలితే ప్రాణం లేచొస్తుంది. 1926 నుంచి దాదాపు యాభై ఏళ్లపాటు రజులా అనే ఓడ మద్రాసు, నాగపట్నం నుంచి జనాన్ని ఈ పెనాంగ్‌కీ, సింగపూర్‌కీ చేరవేసేది. తోటల్లో కూలికీ, కొట్లలో కొలువుకీ వచ్చిన వాళ్లందరూ డెక్కు మీద చాపలు పరుచుకునే వచ్చారు. మలేషియాలో ఇప్పుడున్న తెలుగు కుటుంబాల్లో చాలామంది తాతముత్తాతలు అలా సముద్రం దాటినవాళ్లే. వాళ్ల ప్రయాణానికి తిరుగు టికెట్టు ఉందో లేదో వాళ్లకే తెలీదు.

మొత్తం చుట్టు మూడు కిలోమీటర్లకి కాస్త అటూ ఇటూ. మోకాళ్ల నొప్పులవాళ్లుంటే ట్రైషా ఉంది. మన రిక్షాకి తిరగేసిన రూపం. కూర్చునేవాళ్లు ముందు, తొక్కేవాళ్లు వెనక. ఎక్కకముందే గంటకెంతో తేల్చుకోండి. పాత ఊళ్లో తిరిగే ‘క్యాట్‌’ బస్సు ఉచితం. మిగతా ర్యాపిడ్‌ పెనాంగ్‌ బస్సుల్లో చిల్లర తిరిగివ్వరు, సరిపడా రింగిట్‌లు చేతిలో ఉండాలి. ట్యాక్సీకి ‘గ్రాబ్‌’ యాప్‌ సింగపూర్‌లోనే ఫోన్లో వేసుకుంటే బేరాల బాధ ఉండదు.

ఇప్పుడు అసలు భయం. ఓడ వెళ్లిపోతే? ఓడవాళ్లే అమ్మే టూర్‌లో వెళ్లి ఆలస్యమైతే మామూలుగా ఆగుతారు. సొంతంగా వెళ్లినవాళ్ల కోసం ఆగరు. తర్వాతి రేవుకి మీ ఖర్చుతో మీరే చేరుకోవాలి. కొన్ని ఓడల్లో పాస్‌పోర్టులు సిబ్బంది దగ్గరే ఉంటాయి. జిరాక్స్‌ కాపీ, ఓడ కార్డు జేబులో పెట్టుకోండి. రోజూ గదికిచ్చే కాగితం మీద స్థానిక పోర్ట్‌ ఏజెంటు నంబరుంటుంది. దాన్ని అందరి ఫోన్లలోనూ ఎక్కించండి. పెనాంగ్‌, సింగపూర్‌ టైము ఒకటే. ఫుకెట్‌ గంట వెనక. ఫోన్‌ తనంతట తాను మారిపోతుంది, ఓడ గడియారం మారకపోవచ్చు. ఒకరి చేతికైనా వాచీ ఉండాలి, అది ఓడ టైముకే తిరగాలి.

మలేషియా మనవాళ్లకి 30 రోజుల వీసా మినహాయింపుని 2023 డిసెంబరులో మొదలెట్టి 2026 చివరిదాకా పొడిగించింది. బయల్దేరేముందు ఓసారి సరిచూసుకోండి. సింగపూర్‌ వీసా మాత్రం మల్టిపుల్‌ ఎంట్రీయే ఉండాలి, ఓడ తిరిగొచ్చేది అక్కడికే కదా!

తిరిగొచ్చేటప్పుడు పది నిమిషాలు మిగిలితే చెండోల్‌ తాగండి. కొబ్బరిపాలు, తాటిబెల్లం పాకం లాంటిది, పచ్చటి సేమ్యా, మంచుపొడి. సీజన్లో వెళితే రోడ్డు పక్కన పనసకి చుట్టంలాంటి దురియన్‌ కనిపిస్తుంది. కనిపించకముందే వాసనొస్తుందనుకోండి. కావాలంటే అక్కడే తినేసి చేతులు బాగా కడుక్కోండి. ఓడలోకి దాన్ని రానివ్వరు.