పళ్లెములున్నవి, చదువు యంత్రమేది?

రాతిపై చెక్కినది రాయి యున్నంతకాలము నిలుచును. తాటియాకుపై గంటముతో గీచినది పురుగు ముట్టనంతకాలము నిలుచును. ఆకు చిక్కిన చాలును. చదువనేర్చిన కన్ను తక్క వేరొక సాధనము దానికి అక్కరలేదు. 1956వ సంవత్సరమున అమెరికాలో ఐ.బి.యం. సంస్థ రామాక్ అను గణకయంత్రమును వెలువరించినది మొదలు ప్రభుత్వములు, బ్యాంకులు, రైలుశాఖలు, విద్యాలయములు తమ లెక్కలను తిరుగుడు పళ్లెములపై అయస్కాంతపు గుర్తులుగా వ్రాసికొన నారంభించినవి. ఈ వ్రాత కంటికి కానరాదు. పళ్లెము చెక్కుచెదరకుండినను, దానిని త్రిప్పి చదువు యంత్రము లేనిదే అది వట్టి లోహపు తునుక. పాత పెద్ద కంప్యూటర్ల డిస్కులనుండి సమాచారమును మరల రాబట్టు పనిని పలువురు కొందరి వేడుకగా నెంచుచున్నారు. మా యభిప్రాయమున నిది ప్రజల దస్త్రముల రక్షణలో నొక భాగము. ఆ పనికి కావలసిన గడువు వేగముగా తీరిపోవుచున్నది.

రామాక్ యొక్క డిస్కు భాగము టన్నుకు పైబడిన బరువు. 24 అంగుళముల వ్యాసము గల 50 పళ్లెములు ఒకే ఇరుసుపై నిమిషమునకు 1200 సార్లు తిరుగుచుండెను. ఇంత హంగునకును పట్టినది 50 లక్షల అక్షరములు మాత్రమే; నేడు జేబులోని ఫోనుతో తీసిన యొక ఛాయాచిత్రము దాదాపు అంత చోటు నాక్రమించును. 1962లో వచ్చిన 1311 అను నమూనాతో పళ్లెముల కట్టను యంత్రమునుండి ఊడదీసి అలమరలో దాచుకొను సౌకర్యము కలిగెను. ఆ కట్టనే డిస్క్ ప్యాక్ అందురు. కష్టమును ఆ సౌకర్యమునందే పుట్టినది. కట్ట యొకచోట, యంత్ర మొకచోట. యంత్రము తుక్కుకు పోయినను అలమరలోని కట్ట నెవ్వరును తలపోయరు.

పళ్లెము అల్యూమినియముతో చేసినది; దానిపై ఇనుపభస్మపు పూత. చదువు తల ఆ పూతను తాకదు. తిరుగుడువలన పుట్టు గాలిపొరపై, వెండ్రుక మందములో కొద్దిపాటి యెత్తున తేలుచుండును. దుమ్ముకణము సైతము ఆ సందున పట్టదు. ఏండ్లతరబడి మూలబడిన యంత్రమున స్పాంజి భాగములు పొడియై రాలుచుండును. ఆ సంగతి గమనింపక ఉత్సాహము కొలది మీట నొక్కినచో తల పళ్లెముపై కూలి పూతను గీకివేయును. తలయు చెడును, వ్రాతయు పొడియగును. కనుక అనుభవజ్ఞులు తొందరపడరు. ఒక్కొక్క పళ్లెమును వెలుగున పరీక్షించి, ఆల్కహాలుతో తుడిచి, గాలి వడపోతను మార్చి, విలువలేని కట్టపై ముందుగా ప్రయోగించి, కట్టకడపట అసలు కట్ట నెక్కింతురు. చదువునపుడును అక్కడికక్కడ అర్థమును వెదుకరు. తలనుండి వచ్చు విద్యుత్తరంగమును ఉన్నదున్నట్లు కొత్త కంప్యూటరులోనికి నకలెత్తుకొందురు. అర్థము తీయుట తీరికగా జరుగవచ్చును. పళ్లెమును మరల త్రిప్పు అవకాశము రాకపోవచ్చును.

ఇది కేవలము ఊహ కాదు. క్రే సంస్థ నిర్మించిన మహాగణకముల సాఫ్టువేరు బయట దాదాపు దొరకని స్థితిలో, ఒక ఔత్సాహికుడు 80 మెగాబైట్ల పాత డిస్క్ ప్యాకును సంపాదించి ఈ విధముననే తరంగమును నకలెత్తెను. వేరొక ఇంజనీరు దానినుండి క్రే ఎక్స్-ఎంపీ యంత్రపు నిర్వహణవ్యవస్థను వెలికి దీసెను. కాలిఫోర్నియాలోని సాంటా క్లారా విశ్వవిద్యాలయమున 2002లో, పూర్వము ఐ.బి.యం.లో డిస్కుల రూపకల్పనలో పాల్గొన్న ఆల్ హోగ్లాండ్ ప్రభృతులు ఒక రామాక్‌ను బాగుచేయ మొదలిడిరి. పిమ్మట అది మౌంటెన్ వ్యూ నగరమందలి కంప్యూటర్ హిస్టరీ మ్యూజియమునకు చేరెను. దశాబ్దముల క్రిందట వ్రాసిన అక్షరములు దానిపై మరల చదువబడినవి. యంత్రమును చేసిన చేతులే దానిని లేపినవని చదువరులు గమనింతురుగాక.

తరంగము దక్కినను చిక్కు తీరదు. ఐ.బి.యం. 1964లో ప్రకటించిన 360 వరుస యంత్రములు ఎబ్సిడిక్ అను సంకేతమును వాడినవి. నేటి యంత్రములలో అధికభాగము ఆస్కీ సంప్రదాయమునకు చెందినవి. 'ఏ' అను ఆంగ్లపు పెద్దక్షరమునకు మొదటిదానిలో 193, రెండవదానిలో 65. అక్షరములు తేలినను, ఈ ఎనిమిది అంకెలు జీతమా, పుట్టినతేదియా, సర్వే నంబరా యని చెప్పు కాగితము ఏ గుమాస్తా బల్ల సొరుగులోనో ఉండవలెను. లేకున్నచో, వీలునామా దొరికియు అది వ్రాసిన భాష నెరిగినవాడు ఊరిలో లేనట్లే.

డిస్కుల సంగతి కాకపోయినను చంద్రచిత్రముల కథ చెప్పక తప్పదు. 1966, 1967 సంవత్సరములలో అమెరికా పంపిన లూనార్ ఆర్బిటర్ నౌకల చిత్రములు దాదాపు 1500 టేపులపై మిగిలెను. వానిని చదువు ఆంపెక్స్ యంత్రములను ఒక దస్త్రాధికారిణి తన యింటి మోటారు షెడ్డులో ఏండ్లతరబడి దాచియుంచెను. 2008లో నాసావారి ఏమ్స్ కేంద్రమున, మూతబడిన మెక్‌డొనాల్డ్స్ భోజనశాలలో ఆ యంత్రములను బాగుచేసి, 1966 ఆగస్టు 23న చంద్రుని చెంతనుండి తీసిన భూమి చిత్రమును మరల రాబట్టిరి. ఆ యిల్లాలు షెడ్డు ఖాళీ చేసియున్నచో 1500 టేపులును దండుగ. ఇంగ్లండులో 1086 నాటి డూమ్స్‌డే గ్రంథమును నేడును చదువవచ్చును. దాని తొమ్మిదివందల యేండ్ల పండుగకు 1986లో బి.బి.సి. చేసిన లేజరు డిస్కులకు పదునారేండ్లు తిరుగకమున్నే చదువు యంత్రములు కరవయ్యెను.

ఇక మన దేశపు మాట. 1960 దశాబ్దమున మన రైలుశాఖ ఐ.బి.యం. 1401 యంత్రములను నెలకొల్పెను. కాన్పూరు ఐ.ఐ.టి.కి 1963లో 1620, మద్రాసు ఐ.ఐ.టి.కి 1973లో 370 వచ్చినవి. 1967లో హైదరాబాదున స్థాపితమైన ఇ.సి.ఐ.ఎల్. సంస్థ టి.డి.సి. పేర స్వదేశీ గణకములను నిర్మించెను. 1978లో ఐ.బి.యం. మన దేశమును విడిచిపోయినపుడు దాని యంత్రముల పోషణభారమును సి.ఎం.సి. అను ప్రభుత్వసంస్థ వహించెను. మన యువ ఇంజనీర్లు వానిని నడిపిరి. ఆనాటి యువకులు నేడు డెబ్బదియేండ్లకు అటునిటుగా నున్నవారు.

న్యాయస్థానములలో కాలము గడపు మాకు చట్టపు మాట చెప్పుట విధి. కేంద్రప్రభుత్వ శాఖలకును, దాని యధీనమందలి సంస్థలకును వర్తించు 1993 నాటి పబ్లిక్ రికార్డ్సు చట్టము కంప్యూటరువలన ఉత్పన్నమైనదానిని గూడ ప్రజాదస్త్రముగా నిర్వచించినది. విరుద్ధముగా నశింపజేసినవానికి ఐదేండ్లవరకు కారాగారమో, పదివేల రూపాయలవరకు జరిమానాయో, రెండునో విధింపవచ్చును. చదువు యంత్రమును తుక్కుక్రింద అమ్మినవాని మాట అందు లేదు. రికార్డు గదికి తాళము భద్రముగా వేసి, తాళపుచెవిని నూతిలో విసరిన కాపలాదారు నిర్దోషి యన్నమాట!

పాత జీతపు బిల్లులకు ఇంత యార్భాటమేల యని యడుగువారు కలరు. బిల్లులకు కాగితపు ప్రతి యున్నచో డిస్కు పోయినను మాకు చింతలేదు. వాన కొలతలు, పంటల సర్వేలు, ప్రయోగశాలల ఫలితములు కాగితముపై లేక డిస్కుపైననే యున్నచో సంగతి వేరు. సి.పి. బ్రౌను దొర సొంత డబ్బు వెచ్చించి పండితులచేత తాళపత్రములకు నకళ్లు వ్రాయించినది మూలములు శిథిలము గాకమునుపే. శిథిలమైన పిమ్మట వ్రాయింపదలచినచో ఆయన సొమ్ము ఎందులకు కొరగాకపోయెడిది.

కనుక మేము కోరునది పెద్దది కాదు. ఆ చట్టము ప్రతి శాఖయందును ఒక రికార్డ్సు అధికారిని నియమింపుమనుచున్నది. ఆ యధికారి తన కార్యాలయమున డిస్కు కట్టలెన్ని, వానిపై చీటీలేమి, యంత్రమేది, కైపుస్తకములెక్కడ, దానిని నడిపి విశ్రాంతి గైకొన్నవారెవరు అని పట్టిక వేయవలెను. ఒక గుమాస్తా, ఒక పుస్తకము, పది దినములు చాలును. హైదరాబాదులోని ఏదేని విద్యాసంస్థ ఒక్క పాత డిస్కు యంత్రమునైనను నడుచు స్థితిలో నుంచి, ఆ విశ్రాంత ఇంజనీర్లను పిలిచి, వారి చెంత నలుగురు విద్యార్థులను కూర్చుండబెట్టవలెను. అంతవరకు, అల్యూమినియపు ధరకు ఆ కట్టలను వేలము వేయు ఉత్తరువులను అధికారులు నిలిపియుంతురుగాక.