చప్పట్లు కొట్టుటకు ముందు



మన సంఘములలోని యౌవనస్థులు మలయాళ పోలీసు సినిమాలు ఇష్టముగా చూచుచున్నారు. సెల్‌ఫోనులోనే దొరుకుచున్నవి గనుక థియేటరుకు పోవలసిన పని కూడ లేదు. “అయ్యగారూ, పిల్లలు అవి చూడవచ్చునా?” అని తలిదండ్రులు మమ్మును అడుగుచుంటారు. అన్నిటికీ ఒకే జవాబు చెప్పలేము. అయితే ఒక సినిమాను గూర్చి ఈ నెల వ్రాయుచున్నాము. తీసినవారు కేరళవారైనను, అది అడిగిన ప్రశ్న మన వరంగల్లు ప్రశ్నయే.

2022 ఏప్రిల్‌లో విడుదలైన ‘జనగణమన’ అను ఆ సినిమాకు డిజో జోస్ ఆంటోనీ దర్శకుడు, షారిస్ మహమ్మద్ రచయిత. ఒక విశ్వవిద్యాలయములో పాఠము చెప్పు సబా అను స్త్రీ హత్యకు గురియగును. శవము కాలిపోయి దొరకును. విద్యార్థులు వీధికెక్కుదురు. సజ్జన్ కుమార్ అను పోలీసు అధికారి నలుగురిని పట్టుకొని, ఒక రాత్రి తుపాకితో కాల్చివేయును. దేశమంతా అతనిని మెచ్చుకొనును. చూచుచున్న మనము కూడ “మంచి పని చేశాడు” అని అనుకొందుము. కథ అక్కడితో ముగిసియుంటే అది పది సినిమాలలో ఒకటి. కాని రెండవ సగము కోర్టులో జరుగును. అరవింద్ స్వామినాథన్ అను న్యాయవాది ఒక్కొక్క ముడి విప్పగా, చనిపోయిన నలుగురు ఆ నేరము చేసినవారు కారని, రాజకీయ లాభము కొరకు వారిని బలిచేశారని తేలును. మనము చప్పట్లు కొట్టినది దేనికో అప్పుడు తెలియును.

ఈ కథ చూచినప్పుడు మన ప్రాంతమువారికి రెండు సంగతులు జ్ఞాపకము రాక మానవు.

మొదటిది 2008 డిసెంబరు. వరంగల్లులో ఇంజనీరింగు చదువుచున్న ఇద్దరు ఆడబిడ్డలపై యాసిడ్ పోశారు. వారిలో ఒకరు ఆ నెలాఖరుకే ఆసుపత్రిలో కన్నుమూశారు. దాడి జరిగిన మూడు రోజులకే ముగ్గురు నిందితులు పోలీసు కాల్పులలో చనిపోయారు. ఆధారములు చూపించుటకు తీసికొనిపోగా దాడి చేశారని, ఆత్మరక్షణకు కాల్చామని పోలీసులు చెప్పారు. జనము సంతోషించి, నాటి ఎస్పీ వి.సి. సజ్జనార్ గారిని అభినందించారు.

రెండవది 2019. నవంబరు 27న శంషాబాద్ వద్ద పశువైద్యురాలైన ఒక యువతిని దుర్మార్గులు చెరచి, చంపి, షాద్‌నగర్ ప్రాంతములో కాల్చివేశారు. డిసెంబరు 6న తెల్లవారుజామున చటాన్‌పల్లి వద్ద నలుగురు నిందితులు పోలీసు కాల్పులలో చనిపోయారు. అప్పుడు సైబరాబాద్ కమిషనరుగా ఉన్నదియు సజ్జనార్ గారే. జనము పోలీసులపై పూలు చల్లారు.

అయితే సుప్రీంకోర్టు జస్టిస్ సిర్పుర్‌కర్ గారి అధ్యక్షతన ఒక కమిషనును వేసినది. 2022 మే నెలలో, అనగా ఈ సినిమా విడుదలైన మరుసటి నెలలోనే, ఆ నివేదిక బయటకు వచ్చినది. నిందితులు తుపాకులు లాగుకొని కాల్చారన్న మాట నమ్మదగినది కాదని, చంపవలెనన్న ఉద్దేశముతోనే కాల్చారని, చనిపోయినవారిలో ముగ్గురు అప్పటికి మైనర్లని కమిషను అభిప్రాయపడినది. పదిమంది పోలీసులపై హత్యానేర విచారణ జరుగవలెనని చెప్పినది. ఆ పదిమందిలో కమిషనరు గారు లేరు. తరువాతి నిర్ణయము కొరకు సుప్రీంకోర్టు ఆ వ్యవహారమును తెలంగాణ హైకోర్టుకు పంపినది.

“బిడ్డను పోగొట్టుకున్న తల్లితో ఈ మాట చెప్పగలరా?” అని ఎవరైనా అడుగవచ్చును. న్యాయమైన ప్రశ్నే. కోర్టులలో ఏండ్లకేండ్లు గడచునన్న విసుగు కూడ నిజమే. కాని అదే వరంగల్లులో జరిగిన మరి రెండు కేసులు చూడండి.

2019 జూన్‌లో హన్మకొండలో తలిదండ్రుల ప్రక్కన నిద్రించుచున్న తొమ్మిది నెలల పసిబిడ్డను ఒకడు ఎత్తుకొనిపోయి చంపాడు. రెండు నెలలు నిండకముందే, ఆగస్టు 8న, వరంగల్లు కోర్టు సాక్ష్యములు విని మరణశిక్ష విధించినది. నవంబరులో హైకోర్టు దానిని చనిపోవువరకు జైలుశిక్షగా మార్చినది. 2020 మే నెలలో గొర్రెకుంట బావిలో తొమ్మిది శవములు తేలాయి. పోలీసులు కొద్ది రోజులలోనే నిందితుని పట్టుకున్నారు. అతడు అంతకుముందు మార్చిలో మరొక స్త్రీని రైలులోనుండి త్రోసి చంపిన సంగతి కూడ దర్యాప్తులోనే బయటపడినది. అక్టోబరు 28న కోర్టు అతనిని దోషిగా తేల్చి శిక్ష వేసినది. ఓర్పుగా విచారించారు గనుకనే పదవ హత్య కూడ వెలుగులోనికి వచ్చినది. నిందితుని నోరు తుపాకితో మూయించితే అతనికి తెలిసిన నిజము అతనితోనే మట్టిలో కలిసిపోవును. వెనుక మరొకడు ఉంటే వాడు మన మధ్యనే తిరుగుచుండును.

సినిమాలో నలుగురు నిర్దోషులని చూపించారు గనుక మన మనస్సు కలతపడినది. వారు దోషులే అయియుంటే? అప్పుడైనను తీర్పు చెప్పవలసినది న్యాయస్థానమే. ఒక్క సాక్షి మాటపై ఎవరినీ శిక్షింపరాదని ద్వితీయోపదేశకాండము నేర్పుచున్నది. మనుష్యుని మాట వినకముందే ధర్మశాస్త్రము తీర్పు తీర్చునా అని నీకొదేము తన తోటి అధికారులనే అడిగినట్లు యోహాను సువార్తలో చదువుచున్నాము.

ఆ సినిమాలో న్యాయవాది ఇంకొక మాట అడుగును: మనిషి రంగును, బట్టలను చూచి నేరస్థుడని తేల్చివేయుచున్నాము కాదా? కూలికి, లారీలపై పనికి పోవు మన పల్లె బిడ్డల తలిదండ్రులకు ఈ మాట సూటిగా తగులును. ఊరిలో దొంగతనము జరిగితే ముందు ఏ వాడ పిల్లలను స్టేషనుకు పిలుతురో మీకు తెలుసు. ఈనాడు మనము చప్పట్లు కొట్టిన తుపాకి రేపు ఎవరి ఇంటివైపు తిరుగునో ఎవరు చెప్పగలరు?

కావున ఇంటింట ఈ సంగతులు తెలిసియుండవలెను. ఆడబిడ్డ ఆపదలో ఉంటే వెంటనే 100కు గాని 112కు గాని ఫోను చేయండి. బిడ్డ కనబడకపోతే, “మా పరిధి కాదు” అని ఏ స్టేషనువారైనను త్రిప్పి పంపరాదు. ఎక్కడనైనను జీరో ఎఫ్‌ఐఆర్ వ్రాయవలెను. షాద్‌నగర్ కేసులో ఆ రాత్రి ఆలస్యము చేసినందుకు ముగ్గురు పోలీసులను సస్పెండు చేశారు. ఇక మీ కుమారుని పోలీసులు అరెస్టు చేస్తే, ప్రయాణ సమయము పోగా 24 గంటలలోపు మేజిస్ట్రేటు ముందు నిలువబెట్టవలెనని రాజ్యాంగమే చెప్పుచున్నది. బీదవారికి ప్రభుత్వ ఖర్చుతో వకీలును ఇచ్చు న్యాయసేవాధికార సంస్థ జిల్లా కోర్టులోనే ఉన్నది.

ఇక పిల్లలతో ఆ సినిమా చూచిన తలిదండ్రులు, మొదటి సగము అయిన వెంటనే దానిని ఆపి ఒక్క మాట అడుగండి: “వీళ్ళే చేశారని నీకు ఎట్లా తెలుసు, నాయనా?” పిల్లవాడు జవాబు వెదకుకొనిన తరువాత మిగిలిన సగము కలిసి చూడండి.