కంపెనీ చక్రాలకు క్రోమ్ ఎందుకు?

విశాఖపట్నంలో సెకండ్ హ్యాండ్ స్పోర్ట్స్ కారు కొన్నవాడికి మొదటి వారంలోనే అడక్కుండా అందే సలహా ఒకటుంది. "కారు బాగుంది గురూ, చక్రాలే డల్‌గా ఉన్నాయి. క్రోమ్ కొట్టించెయ్. వచ్చే ఆదివారం అరకు వెళ్లేలోగా రెడీ అయిపోతాయి." క్రోమ్‌కి ఖర్చెక్కువ అనుకుంటే దానికో చౌక మార్గం కూడా చెబుతారు: ఉన్న పూత గీకించి బఫింగ్ పెట్టించు, అద్దంలా వస్తుంది. చెప్పేవాళ్లు శత్రువులేం కాదు. స్నేహితులు, బావమరుదులు, రిమ్ షాపు యజమానులు. మెరిసే చక్రం అంటే శ్రద్ధగా చూసుకున్న చక్రమని, మెరవనిది అశ్రద్ధకి గుర్తని అందరికీ ఒక నమ్మకం. పండక్కి ఇత్తడి సామాను తోముకునే ఇళ్లలో పుట్టినవాళ్లం కాబట్టి ఆ నమ్మకం మనకి సులువుగా ఎక్కుతుంది. కానీ చక్రం విషయంలో అది తప్పు. ఘాట్ రోడ్డు ఎక్కి దిగే కారు విషయంలో ప్రమాదకరమైన తప్పు.

కంపెనీ నుంచి వచ్చిన అల్లాయ్ చక్రం ఎలా తయారవుతుందో తెలిస్తే ఈ సలహా ఇచ్చే నోరు కాస్త తగ్గుతుంది. చాలా చక్రాలు అల్యూమినియంలో 7 శాతం దాకా సిలికాన్, చిటికెడు మెగ్నీషియం కలిపి పోత పోసినవి. పోత పోసినంత మాత్రాన బలం రాదు. దాన్ని దాదాపు 540 డిగ్రీల సెల్సియస్ దగ్గర కాచి, చప్పున చల్లార్చి, మళ్లీ 150 నుంచి 170 డిగ్రీల మధ్య కొన్ని గంటలపాటు ఉంచుతారు. గుంతలో పడ్డా విరగని గట్టిదనం ఆ చివరి మెట్టులో వస్తుంది. ఆ తర్వాత ప్రైమర్, రంగు, దాని మీద క్లియర్ కోట్. మనవాళ్లు డల్ అని ముక్కు విరిచే ఆ సిల్వర్ రంగు, లోహానికి ఉప్పుగాలీ బ్రేకు ధూళీ తగలకుండా చూసే ఏర్పాటు.

రిమ్ షాపులో మొట్టమొదట జరిగే పని దాన్ని తీసెయ్యడం. మందులో నానబెట్టి తీస్తే కొంత నయం. తొందరగా అయిపోవాలని కొన్నిచోట్ల పూతని కాల్చి తీస్తారు. ఆ వేడి 350, 400 డిగ్రీలకి చేరితే ఫ్యాక్టరీలో 170 డిగ్రీల దగ్గర సంపాదించిన బలం అక్కడే కరిగిపోతుంది. ఇందులో దుర్మార్గం ఏమిటంటే, చక్రం చూడ్డానికి ఏమీ మారదు. వంకర పోదు, రంగు తేలదు. వంకరపోయిన రిమ్ అంచుని గ్యాస్ మంటతో కాచి సుత్తితో సరిచేసి, తర్వాత క్రోమ్ ఎక్కించారనుకోండి, ఆ గాయం ఇక ఎవరికీ కనపడదు. ఆ కారు చేతులు మారితే కొన్నవాడికి అస్సలు కనపడదు.

అల్యూమినియం మీద క్రోమ్ నేరుగా అతుక్కోదు. గాలి తగలగానే ఆ లోహం తన మీద తానే ఒక ఆక్సైడ్ పొర కప్పుకుంటుంది. అందుకని ఆసిడ్, కాస్టిక్ తొట్లలో ముంచి ఆ పొర పోగొట్టి, పల్చగా జింక్ పట్టించి, దాని మీద రాగి, దాని మీద నికెల్, చిట్టచివర క్రోమియం ఎక్కిస్తారు. ఆ చివరి క్రోమియం పొర మందం అర మైక్రాన్ కూడా ఉండదు. తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. డబ్బులిచ్చి కొనుక్కున్న అద్దపు మెరుపు చాలా వరకు కింద ఉన్న నికెల్‌దే. పోత చక్రంలో కంటికి ఆనని రంధ్రాలుంటాయి. తొట్టిలో వాటిలోకి చేరిన ఆసిడ్ పూర్తిగా బయటికి రాకపోతే కొన్ని నెలల తర్వాత పూత పొక్కులు పొక్కులుగా లేస్తుంది.

"క్రోమ్ చక్రాన్ని కాపాడుతుంది కదా" అంటారు. పూత ఎక్కడా తెగనంత కాలం నిజమే. ఒక్క సూదిమొన అంత చిల్లు పడిందా, కథ తిరగబడుతుంది. వేర్వేరు లోహాలు ఒకదానికొకటి ఆనుకుని ఉన్నచోట ఉప్పునీరు చేరితే అది బ్యాటరీలా పనిచేస్తుంది, రెండింటిలో బలహీనమైన లోహాన్ని తినేస్తుంది. ఇక్కడ ఆ బలహీనమైనది అల్యూమినియం. పెయింట్ మీద గీత పడితే నష్టం ఆ గీత చుట్టూ ఆగుతుంది. నికెల్ పూతలో చిల్లు పడితే లోపల లోపల పాకుతుంది. బీచ్ రోడ్డుకి దగ్గర్లో రాత్రంతా కారు బయట పెట్టే ఊళ్లో ఈ పని ఎంత త్వరగా జరుగుతుందో విశాఖవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. వాళ్ల ఇంటి గేట్లూ కిటికీ ఊచలే సాక్ష్యం.

ఈ పూత ఊడేది మనకి కనపడే వైపునే అయితే అందం పోయిందని సరిపెట్టుకోవచ్చు. టైరు అంచు రిమ్‌ని పట్టుకుని కూర్చునే చోట కూడా ఊడుతుంది. అక్కడ పెచ్చు లేస్తే గాలి కొద్దికొద్దిగా దిగిపోతుంది. పంక్చర్ షాపులో మేకు దొరకదు, వాల్వ్ బాగానే ఉంటుంది, వారం తిరిగేసరికి మళ్లీ గాలి తక్కువ. నట్లు కూర్చునే గుంటల్ని మూసిపెట్టకుండా పూత వేసేస్తే ఇంకో తంటా. ఆ జారుడు పొర మీద నట్టు బిగింపు లెక్క మారుతుంది. పూత నలిగి అరిగిన కొద్దీ నట్టు వదులవుతుంది.

ఇప్పుడు ఈ చక్రాన్ని శృంగవరపుకోట దాటించి బొడ్డవర మీదుగా కొండ ఎక్కిద్దాం. విశాఖ నుంచి అరకు సుమారు 115 కిలోమీటర్లు. టైడా, డముకు, అనంతగిరి, సుంకరమెట్ట మీదుగా ఆ దారి వెళ్లిన ఎవరికైనా ఆ మలుపులు గుర్తుంటాయి. వానాకాలం వెళ్లాక మలుపుల దగ్గర తారు లేచి అంచులు పదునుగా తేలతాయి. స్పోర్ట్స్ కారు టైరు గోడ పల్చన. ఆ దెబ్బ రబ్బరు దగ్గర ఆగకుండా రిమ్ లోపలి అంచుకి తగులుతుంది. పగుళ్లు ఎక్కువగా పుట్టేది అక్కడే, నిలబడి చూసేవాడికి కనపడని వైపున. ఏజెన్సీలో జనాన్ని మోసే జీపు డ్రైవర్లని చూడండి. వాళ్లవి ఇనప రిమ్ములు, మట్టి కొట్టుకుని ఉంటాయి. కానీ నట్టు చుట్టూ కొత్తగా తుప్పు చార దిగిందంటే నట్టు కదులుతోందని అనుమానించి స్పానర్ తీస్తారు. మట్టిపట్టిన ఆ చక్రం యజమానికి ఏదో ఒకటి తెలియజేస్తూ ఉంటుంది.

కంపెనీ పూత ఉన్న అల్లాయ్ కూడా అంతే. లోహం చిట్లితే పైన రంగు చిట్లుతుంది, ఆ గీతలో బ్రేకు ధూళి చేరి నల్లగా తేలుతుంది. క్రోమ్ పూతకి తనంతట తానే సన్నని నెరియలు పడే గుణం ఉంది. ఏది పూత నెరియో, ఏది లోహం పగులో మెకానిక్ చెప్పలేడు. బఫింగ్ ఇంకా మాయదారిది. మెత్తని అల్యూమినియం మీద గట్టిగా రాపిడి పెడితే పైపొర సాగి, సన్నని పగులు నోటిని మూసేస్తుంది. విమానాల విడిభాగాల్లో పగుళ్లు వెతికేవాళ్లు, సానపెట్టిన భాగాన్ని రసాయనంతో కొద్దిగా తినిపించిన తర్వాతే రంగుద్రవం వేసి చూస్తారు. లేకపోతే ఉన్న పగులు కూడా దొరకదు. మన బఫింగ్ షాపులో ఆ రసాయనం మెట్టు ఉండదు. పైన పటారం, లోన లొటారం అని పెద్దలు అన్నది ఈ చక్రం గురించే అనిపిస్తుంది.

దిగేటప్పుడు సంగతి వేరు. అనంతగిరి నుంచి కిందికి వరసగా బ్రేకు మీద కాలుంచి దిగేవాళ్లే ఎక్కువ. (రెండో గేరులో దిగండయ్యా అని ఎంతమంది చెప్పినా వినరు, అది మరో వ్యాసం.) డిస్కుల వేడిలో కొంత చక్రానికి చేరుతుంది. రంగు వేసిన ఉపరితలం వేడిని బాగా వెదజల్లుతుంది, అద్దంలా మెరిసే లోహం చాలా తక్కువ వెదజల్లుతుంది. వేగంగా పోతుంటే గాలే చాలా వేడిని పట్టుకుపోతుంది కాబట్టి దీన్ని నేను భూతద్దంలో చూపించను. కాకపోతే ఘాట్‌లో లారీ వెనక పాకుతూ దిగేటప్పుడు ఆ గాలీ ఉండదు. క్రోమ్ బరువు పెంచేసి కారు పరుగు తగ్గిస్తుందని కొందరు వాదిస్తారు. మైక్రాన్ల మందం పూతతో పెరిగే బరువు గురించి అంత గోల అక్కర్లేదు. క్రోమ్‌ని తప్పుపట్టడానికి గట్టి కారణాలు చాలా ఉన్నాయి, బలహీనమైనది తోడు తెచ్చుకోవడం దేనికి?

మిగిలింది విలువ సంగతి. "మెరిస్తే అమ్మేటప్పుడు రేటొస్తుంది" అంటారు. ఈ ప్రయోగం మనకంటే ముందు విదేశాల్లో జరిగిపోయింది. పోర్షే 911ఎస్ కోసం 1966లో వచ్చిన ఫుక్స్ చక్రాలనే తీసుకోండి. జర్మనీలోని ఒట్టో ఫుక్స్ కంపెనీ వాటిని పోత పొయ్యకుండా ఫోర్జింగ్ చేసి, యానొడైజింగ్ చేసి ఇచ్చింది. యానొడైజింగ్ అంటే పైన పూసిన రంగు కాదు, అల్యూమినియం ఉపరితలాన్నే కరెంటుతో గట్టి ఆక్సైడ్‌గా మార్చడం. ఆ కాస్త మసక మెరుపు నచ్చని యజమానులు తర్వాతి దశాబ్దాల్లో వాటిని గీకించారు, అద్దంలా పాలిష్ పెట్టించారు, క్రోమ్ కొట్టించారు. ఇవాళ పాత 911 కొనేవాడు వెతుక్కునేది ఎవరూ చెయ్యి పెట్టని చక్రాల కోసం. పాలిష్ పెట్టిన వాటికి మళ్లీ పాత తీరు తెప్పించడమే వృత్తిగా బతికే నిపుణులు ఉన్నారు. ఒకసారి డబ్బులిచ్చి పోగొట్టుకున్నదాన్ని మళ్లీ డబ్బులిచ్చి తెచ్చుకోవడం అన్నమాట. అదీ పూర్తిగా రాదు, గీకిన లోహం గీకినట్టే పోయింది. ఇటలీ పాత రేసు కార్ల మెగ్నీషియం చక్రాలనైతే ఆసిడ్ తొట్టి దగ్గరికి తీసుకెళ్లడమే పాపం. పాత వాహనాల అంతర్జాతీయ సమాఖ్య ఫివా 2013లో ఖరారు చేసిన టురిన్ చార్టర్ కూడా కాలం పెట్టిన గుర్తులతో సహా అసలు వస్తువుని నిలబెట్టమంటుంది. మన దగ్గర ఇప్పుడు పదిహేనేళ్ల వయసున్న స్పోర్ట్స్ కార్లు మరో పదిహేనేళ్లకి అదే వరసలో నిలబడతాయి.

"నా కారు, నా డబ్బు, మధ్యలో మీకేంటి?" అని అడిగేవాళ్లకి నా జవాబు గాలికొండ దగ్గర ఉంది. వ్యూ పాయింట్ దగ్గర కారు ఆపి, చక్రాలు పడేలా ఫొటో తీసుకుంటారే, ఆ గాలికొండలో ఉన్నది బాక్సైట్. అల్యూమినియానికి ముడిసరుకు అదే. అనంతగిరి మండలంలో ఖనిజాల లీజుల మీద నడిచిన సమత కేసులో 1997 జూలై 11న సుప్రీంకోర్టు, షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రైవేటు కంపెనీలకి లీజులు చెల్లవని తీర్పిచ్చింది. 2015లో జెర్రెల అడవిలో తవ్వకానికి జీవో 97 వచ్చినప్పుడు మన్యం లేచి నిలబడింది, 2019లో అది రద్దయింది. సరిహద్దుకి అవతల కొరాపుట్ జిల్లాలోని పంచ్‌పట్మాలి కొండని మాత్రం నాల్కో దశాబ్దాలుగా తవ్వుతోంది. దమన్‌జోడిలో తయారైన అల్యూమినా మన విశాఖ రేవు నుంచే ఓడలెక్కుతుంది. క్రోమియం సంగతి ఇంకా ఘోరం. దేశంలో క్రోమైట్ దాదాపు అంతా ఒడిశాలోని సుకింద లోయలో ఉంది. 2007లో బ్లాక్‌స్మిత్ ఇన్‌స్టిట్యూట్ ప్రపంచంలో అత్యంత కలుషితమైన పది చోట్ల జాబితా వేస్తే అందులో సుకింద ఉంది. అక్కడి నీళ్లని పాడుచేసిన హెక్సావలెంట్ క్రోమియం, ప్లేటింగ్ తొట్లలో వాడే క్యాన్సర్ కారకం ఒకటే. ఐరోపాలో 2017 సెప్టెంబరు నుంచి దాన్ని ప్రత్యేక అనుమతి లేకుండా వాడకూడదు. కాలిఫోర్నియా 2023లో, అలంకారం కోసం చేసే క్రోమ్ పనిలో దీని వాడకానికి గడువు పెట్టింది. కొండల్ని తొలిచి తెచ్చిన లోహంతో చేసిన చక్రం ఇరవై ముప్పై ఏళ్లు తేలిగ్గా పనికొస్తుంది. దాన్ని అయిదేళ్లలో పొక్కులెక్కించి తుక్కులో పారేసే హక్కు డబ్బుతో వస్తుందని నేననుకోను.

చక్రాలు గీతలుపడి, పూత తెల్లగా పురుగు పాకినట్టు లేస్తుంటే ఊరికే వదిలెయ్యమని నా వాదన కాదు. బాగుచేయించండి. పూతని కాల్చకుండా మందుతో తీసే షాపు చూసుకోండి. కంపెనీ రంగు కోడ్ అడిగి అదే రంగు, పైన క్లియర్ కోట్ వేయించండి. నట్ల గుంటలూ హబ్‌కి ఆనే ముఖమూ మూసిపెట్టి పూత వేశారా అని అడగండి. పౌడర్ కోటింగ్ అయితే ఓవెన్ ఎన్ని డిగ్రీలో కనుక్కోండి. డైమండ్ కట్ చక్రాన్ని లేతు మీద పెట్టిన ప్రతిసారీ కొంత లోహం పోతుందని గుర్తుపెట్టుకోండి. రంగు వెయ్యకముందే లోపలి అంచు చుట్టూ పగుళ్లకి పరీక్ష చేయించండి. ఘాట్ దిగి రాగానే కాలుతున్న రిమ్ మీద చన్నీళ్లు, ఆసిడ్ క్లీనర్ కొట్టనివ్వకండి. చల్లారాక మామూలు కారు షాంపూ చాలు.

ఇంత చెప్పినా మెరుపు మీద మోజు పోనివాళ్లు ఉంటారు. మీరూ వాళ్లలో ఒకరైతే మంచి కంపెనీ తయారుచేసి క్రోమ్‌తోనే అమ్మే మరో సెట్టు కొనుక్కోండి. ఒరిజినల్స్‌ని శుభ్రంగా కడిగి, గుడ్డ చుట్టి, అటక మీద పెట్టండి. వాటిని మాత్రం ఏ తొట్టిలోనూ ముంచనివ్వకండి.