వణుకు కన్నా ముందే

తుంగభద్ర కాలువ వెంట రాయచూరు జిల్లాకు వలస వచ్చిన తెలుగు రైతులు సింధనూరు, మాన్వి క్యాంపుల్లో తరాలుగా వరి పండిస్తున్నారు. పురుగుమందుల మధ్య బతికేవారికి పార్కిన్సన్స్ ముప్పు ఎక్కువని పలు దేశాల పరిశోధనలు చెబుతున్నాయి. అందుకే ఈసారి ముఖ్య వ్యాసం మెదడు స్కానింగుల మీద.

ఈ జబ్బులో చెయ్యి వణికేనాటికే మెదడులో డోపమైన్ తయారుచేసే కణాలు చాలావరకు నశించి ఉంటాయి. మామూలు ఎంఆర్ఐలో ఆ నష్టం సాధారణంగా తెలియదు. 2011లో అమెరికా అనుమతి పొందిన డాట్ స్కాన్‌లో మాత్రం, కామాలా వెలగాల్సిన భాగం చుక్కలా కుంచించుకుపోయి కనిపిస్తుంది. రేడియోధార్మిక ఇంజెక్షన్ అక్కర్లేని న్యూరోమెలనిన్ ఎంఆర్ఐ మీద నాకు ఇంకా ఎక్కువ ఆశ.

అయినా జబ్బును తేల్చేది ముందుగా డాక్టరు కళ్లే. అడుగు చిన్నదైనా, అక్షరం కుదించుకుపోయినా, వాసన తెలియకపోయినా వయసు మీద నెట్టేయకండి; న్యూరాలజిస్టుకు చూపించండి.