కిరణ్ అను నామధేయము

గత సంవత్సరము పాఠశాల తెఱచిన దినమున ఎనిమిదవ తరగతి హాజరుపట్టీ వ్రాయుచు, ఒక ప్రవేశపత్రమునందు "కిరణ్" అను పేరు చూచి, తక్కిన వివరములు చదువకయే దానిని బాలుర వరుసలో చేర్చితిని. పేరు పిలువగా ఒక బాలిక లేచి నిలిచెను. బాలురు నవ్విరి. దోషము నాది, తల వంచుకొన్నది ఆ బిడ్డ. వారము తిరుగక మునుపే తండ్రి వచ్చి, "మాస్టరుగారూ, అమ్మాయి పేరు కిరణ్మయి యని మార్పవచ్చునా?" అని యడిగెను. పదవ తరగతి యోగ్యతాపత్రమున నెక్కిన పేరే జీవితాంతము వెంట వచ్చును గనుక ఆయన తొందర నాకు తెలియును. అయినను మార్పవలదనియే నా మనవి.

చెదరజల్లుట యను అర్థముగల సంస్కృత ధాతువునుండి ఈ శబ్దము పుట్టినది. ఋగ్వేదమున దీనికి ధూళి యని యర్థము. పిదపనే సూర్యుడు వెదజల్లు వెలుగునకు పేరైనది. దుమ్మునుండి వెలుగునకు! ఇంతకంటె చక్కని ప్రయాణము చేసిన పదమును నేనెఱుగను.

ఇక లింగమందురా? సంస్కృతమున నిది పుంలింగము, హిందీలో స్త్రీలింగము, మన తెలుగున "కిరణము" అమహత్తు, అనగా పురుషవాచకమును గాదు, స్త్రీవాచకమును గాదు. మూడు భాషలు మూడు విధముల చెప్పుచుండగా, నవ్విన బాలురు ఏ సూత్రము ననుసరించి నవ్విరో!

మన పెద్దలకీ చిక్కు లేకుండెను. రత్నము అను మాటకు అయ్య చేర్చిన రత్నయ్య, అమ్మ చేర్చిన రత్నమ్మ. సత్యయ్య, సత్యమ్మ యనునవియు నట్టివే. పేరు ఒక్కటియే, వెనుక వచ్చు మాటయే ఆడ, మగ తెలుపును. మా సంఘపు పాత పుస్తకమున కరుణయ్యలును గలరు, కరుణమ్మలును గలరు. బాప్తిస్మమిచ్చిన పాదిరిగారికి సందేహము కలిగినట్లు లేదు. నేటివారు ఆ అయ్యను, అమ్మను మోటని విడిచిరి. విడిచినవారే పేరునుబట్టి భేదము తెలియదని విసుగుకొనుట వింత.

1972లో ఇండియన్ పోలీస్ సర్వీసున చేరిన తొలి మహిళ కిరణ్ బేడీ. 2015 నుండి 2018 వరకు ఇస్రో అధ్యక్షులుగా నున్నవారు కిరణ్ కుమార్. ఆ యిరువురిలో ఎవ్వరి పనికిని ఈ పేరు అడ్డు వచ్చినట్లు వినలేదు.

ఇంచుమించుగా ఈ మాటలే ఆ తండ్రితో చెప్పితిని. ఆయన కొంతసేపాలోచించి, ఇంటియొద్ద అడిగి వచ్చెదనని వెడలెను, మరల రాలేదు. ఈ యేడు తొమ్మిదవ తరగతి పట్టీలో బాలబాలికలను వేర్వేరు వరుసలుగా గాక అక్షరక్రమమున వ్రాసితిని. అమ్మాయి కిరణ్‌గానే యున్నది.